గట్టెక్కిన సరకు ఎవరిది?

సముద్రునకు రత్నాకరుడని పేరు. ఆయన తనంతట నొడ్డున బెట్టిపోయిన దానిని పుచ్చుకొనుటలో దోషమేమని తీరవాసులు తలచుట మన దేశమునందే కాదు, ఇంగ్లండునందును గలదు. 2007 సంవత్సరము జనవరి నెలలో డెవన్ మండలమునందలి బ్రాన్స్‌కూంబ్ అను పల్లెయొద్ద జరిగిన సంగతి మన సోదరీమణులు వినదగినది.

నాపోలి యను పెద్ద సరకుల యోడ బెల్జియము నుండి దక్షిణాఫ్రికాకు బోవుచు, జనవరి 18వ తేదీన ఇంగ్లీషు కాలువలో పెనుగాలికి జిక్కి పగులువాఱెను. నావికులిరువది యార్గురును చిన్నపడవలోనికి దిగగా, హెలికాప్టర్లు వారినందఱను ప్రాణములతో పైకి దీసినవి. ఓడను రేవునకు లాగికొనిపోవు దారిలో అది నడిసముద్రమున రెండు తునకలగునని భయపడి, అధికారులు 20వ తేదీన దానిని బుద్ధిపూర్వకముగనే ఆ పల్లెయొద్ద మెరకకెక్కించిరి. మునిగిన యోడనుండి చమురు తోడుట మిక్కిలి కష్టము. మెరకపై నిలిచిన దానినుండి తోడవచ్చును. అందు 2,318 కంటెయినర్లును, సుమారు 3,500 టన్నుల చమురును గలవు.

నూఱుకు పైగా పెట్టెలు నీట బడినవి. వానిలో ననేకములు ఒడ్డునకు గొట్టుకొనివచ్చి పగిలిపోయెను. మోటారుసైకిళ్లు, ద్రాక్షసారా పీపాలు, అత్తరులు, పసిబిడ్డల గుడ్డలు గులకరాళ్లపై పడియుండెను. వార్త ప్రాకినదే తడవుగా దూరపు ఊళ్లనుండియు జనులు వచ్చి, రాత్రియనక పగలనక మోసికొనిపోయిరి. పోలీసువారు తీరమును మూసివేయుసరికి 23వ తేదీ వచ్చెను.

ఆ దేశపు చట్టము ప్రకారము అట్టి సొత్తు దొరికినవాడు 28 దినములలోపల అందులకై నియమింపబడిన అధికారికి దెలుపవలెను. సొంతదారునకు ఏడాది గడువు. మన మనుస్మృతియందు రాజు మూడేండ్లు కాచియుండవలెనని కలదు; ఈ విషయమున మనువే యెక్కువ దయగలవాడు.

ఆ పెట్టెలలో నొకదానియందు స్వీడన్ నుండి దక్షిణాఫ్రికాకు కాపురము మార్చుకొనుచున్న యొక గృహిణి సామానుండెను. తివాచీలు, పింగాణి పాత్రలు, కుటుంబపు జ్ఞాపికలు. పరాయివారు తన వస్తువులను కెలకి పట్టుకొనిపోవుటను ఆమె టెలివిజనులో జూచెను. ఉద్యోగరీత్యా ఊరూరు దిరుగు సంసారము మాది. బండిపై సామాను గట్టి పంపి, అది చేరువఱకు నిద్రపట్టని రాత్రులు మాకును దెలియును. మోటారుసైకిలు పోయిన వర్తకుడు మఱియొకటి తెప్పించుకొనును. అత్తగారిచ్చిన గిన్నె యే యంగడిలో దొరకును?

ఇక శుభ్రము చేయుట. ముందుగా చమురు తోడిరి. పిమ్మట నీటిపై నిలిపిన క్రేనులతో పెట్టెల నొక్కొక్కటిగా దింపిరి. అది ముగియుటకు మే నెల వచ్చెను. కొంత చమురు అప్పటికే చింది, వేయికి మించిన సముద్రపక్షులకు అంటెను. ఱెక్కకు చమురంటిన పక్షి చలికాగలేదు. కావున ముందు దానిని వెచ్చగ నుంచి, ఆహారమిచ్చి, బలము వచ్చిన పిదపనే గిన్నెలు తోము సబ్బువంటి దానిని గోరువెచ్చని నీట గలిపి కడుగుదురు. బాలింతకు జేయు ఉపచారమువలె నున్నది!

పెట్టెలను తూచినప్పుడు మఱియొక గుట్టు బయటపడెను. ఓడపై పొడిగా మిగిలినవానిలో సుమారు అయిదింట నొకదానికి, కాగితములపై వ్రాసిన బరువునకును నిజమైన బరువునకును మూడు టన్నులకు మించిన తేడా యుండెను. ఒడ్డున దోచినవారిని లోకమంతయు జూచినది. తప్పు తూకము వ్రాసినవారిని చూచినవారెవరు? అయినను ఓడ పగులుటకు ముఖ్యకారణము దాని నడుము చాలినంత బలముగా లేకపోవుటయేనని విచారణలో దేలెను. ఆ తుపానులో వేగము తగ్గింపవలసినదనియు వ్రాసిరి.

జూలైలో ఓడను తేల్చిచూడగా పగులు పెరిగియుండెను. మరల మెరకకెక్కించి, ప్రేలుడు మందులతో రెండు చేసిరి. ముందుభాగము బెల్‌ఫాస్టునకు బోయెను. వెనుకభాగమును అచ్చటనే కోసి, కడపటి తునకలను 2009లో తీసివేసిరి. లంగరును మాత్రము ఆ పల్లెలోనే నిలిపిరి.