పాఠము కొఱకు పఠనము – ఇష్టముతో పఠనము

విద్యార్థులమైన మనము రెండు విధములుగా చదువుచుందుము. తరగతి కొఱకు చదువుట యొకటి, ఇష్టముతో చదువుట రెండవది. మొదటిదానికి చదువనియు, రెండవదానికి కాలక్షేపమనియు వాడుక. ఈ విభజన ఎంతవరకు సమంజసమో విచారింతము.

పెనుకొండను ఉదాహరణముగా గ్రహింతము. 1565లో రాక్షసి తంగడి యుద్ధము జరిగెననియు, పిమ్మట విజయనగర ప్రభువులు పెనుకొండను రాజధానిగా చేసికొనిరనియు చరిత్ర పాఠము తెలుపును. పెనుకొండ మన నల్లమాడవారికి పరాయి ఊరు కాదు. బాబా ఫక్రుద్దీన్ దర్గాకు పోయినవారు ఆ కొండను, కోటను చూచియే యుందురు. అయినను పరీక్ష ముగిసిన మఱునాడే ఆ సంవత్సరమును మఱచుచున్నాము. పుట్టపర్తి నారాయణాచార్యులవారి ‘పెనుగొండలక్ష్మి’ కావ్యమును ఇష్టముతో చదివినచో, ఆ శిథిలముల వెనుక నున్న వైభవమును, దాని పతనమును మన మనస్సునకు తోచును. అప్పుడు 1565 వట్టి అంకెగా మిగులదు.

ఆచార్యులవారి జీవితమును ఈ విషయమునకు చక్కని నిదర్శనము. వారు 1914లో అనంతపురము సమీపమునందలి చియ్యేడులో జన్మించిరి. చిన్న వయస్సుననే ఈ కావ్యమును రచించిరి. పిదప వారు విద్వాన్ పరీక్షకు చదివినపుడు ఆ కావ్యమే వారికి పాఠ్యగ్రంథమయ్యెను. అందలి యొక చిన్న ప్రశ్నకు పుటలకొలది సమాధానము వ్రాసి, తక్కిన ప్రశ్నలకు కాలము చాలక పరీక్ష తప్పిరని సాహిత్యలోకమున చెప్పుకొందురు. అట్టివారే అనేక భాషలు నేర్చి, విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళములోనికి అనువదించిరి.

భాషల విషయమున మఱియొకరిని స్మరింపవలెను. నెల్లూరు సీమకు చెందిన కవికోకిల దువ్వూరి రామిరెడ్డిగారు సేద్యము చేయుచునే పారసీ భాష నేర్చి, ఉమర్ ఖయ్యాము రుబాయీలను ‘పానశాల’గా తెలుగువారికి అందించిరి. ఉర్దూ, తెలుగు రెండును వినబడు మన కళాశాలలో ఒకరి గ్రంథములు మఱియొకరికి తెలియకుండుట శోచనీయము కాదా?

ఇంతమాత్రమున పాఠ్యపఠనము వ్యర్థమని మా భావము కాదు. వేరుశనగ యెండిపోయిన యేట ఫీజు కట్టి పంపిన తల్లిదండ్రులకు మన మార్కులే ఆశ. పైగా, మనంతట మనము తెఱువని గ్రంథములను పాఠము తెఱిపించును, క్రమము నేర్పును. కాని పరీక్ష చదువు మెట్టభూమిపై ఒక్కమారుగా కురిసిన వాన వంటిది. చెఱువు లేనిచో నీరు పారిపోవును. ఇష్టపఠనమే ఆ చెఱువు. కథలు, కావ్యములు చదివినవానికి పాఠములోని వాక్యము త్వరగా బోధపడును, చిరకాలము నిలుచును. గైడును కంఠస్థము చేసినవాడు ప్రశ్న కొంచెము మాఱినను తడబడును.

కావున కళాశాల పాలకవర్గమునకు మా విన్నపము: వారమున కొక గంట గ్రంథాలయమునకు కేటాయింపుడు. ఆ గంటలో ప్రశ్నలు వలదు, మార్కులు వలదు. ఉర్దూ, తెలుగు గ్రంథములను ఇంటికి కొనిపోవ ననుమతింపుడు. సోదర విద్యార్థులారా, ఆ గంట లభించువఱకు వేచియుండక, నేడే ఒక గ్రంథమును చేతబట్టుదము.