కోతిని పట్టడం తేలికే. ప్రయోగశాలలో సాకడమే కష్టం

కోవూరు: తోటలపై పడి కాయా పిందే రాల్చే కోతులను పట్టి మందుల పరిశోధనకు పంపితే పీడ విరగడవుతుంది గదా అనుకునే రైతులు లేకపోలేదు. కాని చెట్టు మీది కోతి నేరుగా ప్రయోగశాలకు పనికిరాదు. ఇరవై కోతుల చిన్న శాలకైనా ఏర్పాట్లు పెద్దవే.

కోతులకు మనిషి పడిన రుణం తక్కువేమీ కాదు. రక్తం గ్రూపు పాజిటివా, నెగెటివా అని తేల్చే 'ఆర్‌హెచ్' పేరు 1940లో రీసస్ కోతి పేరు నుంచి వచ్చిందే. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ టీకాను 2020లో పుణే వైరాలజీ సంస్థలో 20 రీసస్ కోతులపై పరీక్షించారు. వాటిని ఐదేసి చొప్పున నాలుగు గుంపులు చేశారు. మూడు గుంపులకు టీకా వేసి, పిమ్మట అన్నింటికీ వైరస్ ఎక్కించారు. టీకా పడిన కోతుల్లో న్యుమోనియా కనబడలేదు.

క్షయతో జాగ్రత్త

కొత్తగా వచ్చిన కోతిని తక్కిన వాటితో వెంటనే కలపరు. వారాల తరబడి వేరుగా వుంచుతారు. కనురెప్పలో సన్నని సూదితో క్షయ పరీక్ష మందు ఎక్కించి, వాపు వస్తుందేమోనని మూడు రోజులు గమనిస్తారు. ఒక్కసారితో సరిపోదు, కొద్దిరోజుల ఎడంతో మళ్లీ చేస్తారు. కోతికి క్షయ మనిషి నుంచి కూడా అంటుతుంది. అందుచేత వాటిని చూసుకునే పనివారికీ వైద్యపరీక్షలు తప్పవు. ఒక్కరి దగ్గు శాల మొత్తానికి ముప్పు తేగలదు.

బోను వెనుక గోడ ముందుకు జరిగేట్లు వుంటుంది. కోతిని చేత్తో పట్టకుండానే సూది వేయడానికి ఈ ఏర్పాటు. కోతి గుంపులో బతికే జీవి. ఒంటరిగా వుంచితే తన వెంట్రుకలు తానే పీక్కుంటుంది. కనుక జంటగానో, గుంపుగానో వుంచడం మేలు.

తిండి విషయమూ ముఖ్యమే. ఎలుక తన ఒంట్లోనే సి విటమిన్ తయారు చేసుకుంటుంది. కోతికి, మనిషికి ఆ శక్తి లేదు. జామ వంటి పండ్లో, ఆ విటమిన్ కలిపిన దాణానో అందకపోతే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది.

అనుమతి తప్పనిసరి

1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ వద్ద శాలను నమోదు చేయించాలి. కోతులపై ప్రయోగాలకు ఆ కమిటీ అనుమతి పొందాలి. జంతువుల సంరక్షణలో శిక్షణకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పేరెన్నికగన్నది.

శాలల్లో పాటించే నియమం ఒకటి పల్లెవాసులకూ పనికివస్తుంది. కోతి కరిచినా, రక్కినా ఆ చోటును పావుగంట సేపు సబ్బునీళ్లతో కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.