వీసాతో వెళ్లినోళ్లు ‘ఖల్లివెల్లి’ ఎందుకవుతున్నారు?

గల్ఫ్‌లో ‘ఆమ్నెస్టీ’ అనే మాట వినపడితే చాలు, రాయచోటి నుంచి నిజామాబాద్ దాకా, హైదరాబాద్ పాతబస్తీలోనూ ఎన్నో ఇళ్లలో ఆశ పుడుతుంది. ఈసారైనా మనోడు వస్తాడేమో అని.

ఆమ్నెస్టీ అంటే క్షమాభిక్ష. కాగితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా ఇంటికి పోవడానికో, కాగితాలు సరిచేసుకోవడానికో అక్కడి ప్రభుత్వం ఇచ్చే గడువు. సౌదీ 2013లో, 2017లో ఇచ్చింది. కువైట్ 2018, 2020, 2024లో ఇచ్చింది. ఇన్నిసార్లు ఇచ్చినా మళ్లీ వేలమంది ఎలా తయారవుతున్నారు?

దొంగచాటుగా వెళ్లినవాళ్లు కాదు

వీళ్లలో చాలామంది వీసా కొట్టించుకుని విమానంలో దిగినవాళ్లే. చిక్కంతా కఫాలా పద్ధతిలో ఉంది. మనిషి ఇఖామా కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. దాన్ని రెన్యువల్ చేయించాల్సింది కఫీల్. ఆయన చేయించకపోతే చిక్కుల్లో పడేది మాత్రం కార్మికుడే. జీతం ఇవ్వట్లేదనో, కొడుతున్నారనో బయటికొచ్చేస్తే సౌదీలో కఫీల్ ‘హురూబ్’ పెట్టేవాడు, అంటే పారిపోయాడని రిపోర్టు. ఆ రోజు నుంచి ఆ మనిషి ఖల్లివెల్లి.

ఇంకో దారి ‘ఆజాద్ వీసా’. ఇది ఏజెంట్ల మాటే తప్ప ఏ చట్టంలోనూ లేదు. కాగితం మీద ఒక కఫీల్, పని ఇంకెక్కడో. అంటే మొదటి రోజు నుంచే చట్టానికి విరుద్ధం.

కాగితం పోతే

ఖల్లివెల్లి అయినవాడు జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి భయపడతాడు. జబ్బు చేసినా ఆసుపత్రికి వెళ్లడానికి జంకుతాడు. అబ్బాజాన్ జనాజాకు కూడా రాలేడు, జరిమానా కట్టనిదే దేశం దాటలేడు కాబట్టి. యూఏఈలో గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు. ఏడాదికి 18,250. మన డబ్బుల్లో నాలుగు లక్షల పైమాటే.

అందుకే యూఏఈ 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 వరకు ఇచ్చిన క్షమాభిక్ష పెద్ద ఊరట. జరిమానా మాఫీ చేశారు, మళ్లీ రాకుండా నిషేధం కూడా పెట్టలేదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. అప్పు కేసు, క్రిమినల్ కేసు, కోర్టు పెట్టిన ట్రావెల్ బ్యాన్ ఆమ్నెస్టీతో పోవు.

మారింది కొంత, మారాల్సింది ఇంకా

ఖతర్ 2020లో కఫీల్ ఎన్‌ఓసీ లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది. సౌదీ 2021 మార్చిలో కొన్ని షరతులతో ఇచ్చింది. కానీ ఆ సంస్కరణలో ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, గొర్రెల కాపరులు, తోటమాలులు లేరు. మనవాళ్లలో చాలామంది చేసేది ఈ పనులే కదా! 2022లో సౌదీ హురూబ్ నిబంధన మార్చి, కంపెనీ కార్మికులకు వేరే యజమానిని చూసుకోవడానికో, ఇంటికి వెళ్లడానికో 60 రోజులు ఇచ్చింది. ఇది మంచి అడుగు.

అసలు మార్పు ఇంకోటి రావాలి. ఇఖామా రెన్యువల్ చేయించని కఫీల్ మీదే జరిమానా పడాలి. కాగితాలు లేకపోయినా చేసిన పనికి జీతం అడిగే హక్కు ఉండాలి. ఈ రెండూ లేకుండా ఎన్ని ఆమ్నెస్టీలు ఇచ్చినా, ఒక బ్యాచ్ ఇంటికి వస్తుంది, ఇంకో బ్యాచ్ తయారవుతుంది.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

పాస్‌పోర్టు, వీసా, ఇఖామా, కాంట్రాక్టు కాపీలు ఇంట్లో ఉంచుకోండి. విజిట్ వీసా మీద పనికి పంపుతామంటే ఒప్పుకోకండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. చట్ట ప్రకారం అతను తీసుకోవాల్సిన సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ, అంతే.

పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయినా భారత ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు దాన్నే ఔట్‌పాస్ అంటారు. సమస్య వస్తే ఇక్కడి నుంచే మీరు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఈసారి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు డబ్బులు ఎప్పుడు పంపుతావని అడిగే ముందు, ఇఖామా ఎప్పటిదాకా ఉందో అడగండి. గడువు దగ్గర పడితే అప్పుడే ఎంబసీకి వెళ్లమని చెప్పండి. గడువు దాటాక జరిమానానే.