ఘాట్ దిగుతూ కరెంటు పోగేసే బస్సు

లీటరు పెట్రోలు తూకం ముప్పావు కిలోకి కాస్త అటూ ఇటూ. అది కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడు మాత్రం దాదాపు 2.3 కిలోలు! ఆ అదనపు బరువు గాలిది. పెట్రోలులోని కార్బన్ ఇంజన్లో మండుతూ గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుంటుంది. డీజిల్‌ది ఇంకాస్త ఎక్కువే.

తిరుపతి నుంచి తిరుమలకు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 సెప్టెంబరులో మొదలయ్యాయి. కొండెక్కేది రెండో ఘాట్ రోడ్డులో, దిగేది 1944లో తెరిచిన పాత దారిలో. విశేషమంతా ఈ దిగడంలో ఉంది. డీజిల్ బస్సును డ్రైవరు గేరులో పట్టి, బ్రేకు తొక్కుతూ దించుతాడు. కొండెక్కడానికి పెట్టిన శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఎలక్ట్రిక్ బస్సులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చక్రాలే మోటారును తిప్పుతాయి. మోటారు కాస్తా జనరేటర్ అవుతుంది, కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఎక్కేటప్పుడు తిన్నదంతా దిగేటప్పుడు కక్కదు లెండి. కొంతైనా వెనక్కొస్తుంది, బ్రేకుల అరుగుదలా తగ్గుతుంది. హైదరాబాద్ మెట్రో రైలు ప్రతి స్టేషన్లో ఆగుతూ చేసే పనీ ఇదే.

ఎలక్ట్రిక్ బస్సుకు పొగగొట్టం లేదు. దానికి కరెంటిచ్చే రామగుండం, ఇబ్రహీంపట్నం బొగ్గు విద్యుత్ కేంద్రాలకు ఉన్నాయి! కరెంటులో బొగ్గు వాటా తగ్గి ఎండ, గాలి వాటా పెరిగినకొద్దీ అదే బస్సు ఏటికేడు శుభ్రపడుతుంది. డీజిల్ బస్సుకు ఆ యోగం లేదు.

ఆర్టీసీ డిపోల్లో తరచూ వినబడే మాటలు రెండు: కేఎంపీఎల్, ఓఆర్. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అనేది మొదటిది, సీట్లు ఎంత నిండాయనేది రెండోది. పొగ లెక్క ఎక్కువగా ఈ రెండోదాని చేతిలోనే ఉంది. సిటీ బస్సు లీటరుకి నాలుగున్నర కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. 45 కిలోమీటర్లకి 10 లీటర్లు. బస్సులో 50 మంది ఉంటే తలా 200 మిల్లీలీటర్లు. అంత దూరమూ బైకు మీద ఒక్కడే వెళ్తే లీటరు పెట్రోలు, అంటే అయిదింతలు. అదే బస్సులో పదిమందే కూర్చుంటే? తలా లీటరు. పైగా అది డీజిల్ కాబట్టి బైకే ఓ ముక్క నయం! ఖాళీగా తిరిగే బస్సును పర్యావరణహితం అని పొగడ్డం నాకు నచ్చదు. తెలంగాణలో 2023 డిసెంబరులో మొదలైన మహిళల ఉచిత ప్రయాణం పొగ తగ్గించడానికి పెట్టింది కాదు. అయినా బైకు మీద పోయేవాళ్లని బస్సెక్కించే పథకం ఏదైనా ఈ లెక్కలో కలుస్తుంది.

నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది రైల్వే శాఖే. అప్పట్లో బస్సూ రైలూ ఒకే గూటివి. ఇప్పుడు హైదరాబాదులో ఆర్టీసీ బస్సులు, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, మెట్రో మూడు వేరువేరు సంస్థల చేతుల్లో ఉన్నాయి.

కరెంటు బండ్లూ నిన్న మొన్నటివి కావు. మద్రాసు వీధుల్లో 1895లోనే కరెంటు ట్రాములు తిరిగాయి. 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడే, అవి ఆగిపోయాయి.

అసలు పొగే లేని సరుకు రవాణా మన కోస్తాకు కొత్త కాదు. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల్లో బయల్దేరిన పడవ కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో పడి, మద్రాసు దాకా పోయేది. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడు లాగే మనుషులు. డెల్టా ధాన్యం, శ్రీహరికోట వైపు వంటచెరకు అలాగే మద్రాసు చేరేవి. ధాత నామ సంవత్సరపు కరువులో పనుల్లేని జనానికి కూలి ఇచ్చి తవ్వించిన భాగాలు బకింగ్‌హాం కాలువలో ఉన్నాయి. ఒక హార్స్‌పవర్ రోడ్డు మీద 150 కిలోలు, పట్టాల మీద 500 కిలోలు, నీటి మీద 4,000 కిలోలు కదిలిస్తుందని జలరవాణావాళ్లు తరచూ చెప్పే లెక్క. తుపాన్లు, పూడిక, ఆక్రమణలు కలిసి ఆ దారిని మూసేశాయి. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారు. కాగితం మీద మాత్రం పడవలు పోవచ్చు!

ఇక పట్టాల మీది సరుకు సంగతి. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాలు మోసే రైలు 'దూధ్ దురంతో' 2020 మార్చిలో, లాక్‌డౌన్ వేళ పట్టాలెక్కింది. ఆరు ట్యాంకర్లు, ఒక్కోదానిలో 40,000 లీటర్లు. ఆ పాలు రోడ్డెక్కితే ఎన్ని లారీలు, ఎంత డీజిల్!