దొరల వెంట నడచిన దఫ్తరములు

యాదగిరిగుట్టకు అనతిదూరమున కొలనుపాక యున్నది. అచటి శిలాశాసనములలో పెక్కింటి భాష కన్నడము. తెలుగుసీమ నడిబొడ్డున కన్నడమేమని శంకించువారు కలరు. ఆ కాలమున నీ సీమను కల్యాణి చాళుక్యులు పాలించిరి. పాలకుల పలుకే రాతి కెక్కినది. అయినను ఆ రాళ్లు కొలనుపాకను విడిచిపోలేదు. కాగితమునకట్టి బరువు లేదు. అది దొర వెంట నడచును.

1687లో గోలకొండ మొగలుల వశమై, మన ప్రాంతము వారి దక్కను పాలనలో చేరినది. ఆ పాలనకు ఔరంగాబాదు ముఖ్యస్థానమగుటచే షాజహాను, ఔరంగజేబుల నాటి పత్రములు అచటి కోటలో కుప్పపడినవి. 1763లో నిజాం అలీఖాను రాజధానిని హైదరాబాదునకు మార్చెను. దర్బారు తరలినది గాని ఆ కట్టలు తరలలేదు. 1916లో గాని అవి హైదరాబాదు చేరలేదు. లక్షన్నరకు పైబడిన యా పత్రములు నేడు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారమున నున్నవి. లిపి గొలుసుకట్టు పారసీ; చదువగలవారు మిక్కిలి అరుదు. ఇంటికి వచ్చియు మూగవైన చుట్టములవలె నున్నవి!

ఈ గతి మన కొక్కరికే పట్టినది కాదు. ఫ్రాన్సులోని నార్మండీ ప్రభువు విలియము 1066లో ఇంగ్లండును గెలిచెను. పిమ్మట రెండు సీమలకును పలుమార్లు ఒక్కడే ప్రభువయ్యెను. 1204లో జాన్ రాజు నార్మండీని పోగొట్టుకొనెను, నేల ఫ్రెంచివారిదైనది. కాని యచటి ఖజానాలెక్కల చుట్టలు కొన్ని, 1180 నాటివి మొదలుకొని, నేటికిని లండనులోనే యున్నవి. తన తాతలు కట్టిన పన్నెంతయో తెలియగోరు నార్మండీవాడు సముద్రము దాటవలసినదే.

మనవారికిని అట్టి ప్రయాణము కొంత తప్పలేదు. 1783లో మదరాసు చేరిన కాలిన్ మెకంజీ నిజాం రాజ్యమున సర్వే పని చేసినవాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారు ఆయన కొరకై ఊరూర తిరిగి కరణముల కవిలెలు, కైఫీయతులు కూర్చిరి. కాళ్లరిగినది వీరివి, పేరు నిలిచినది దొరది. 1821లో మెకంజీ మరణింపగా కుంపిణీవారు ఆ సంచయమును లక్షరూపాయలకు కొనిరి. అందు కొంత లండను చేరినది. దక్షిణభాషల వ్రాతలు చాలవరకు మదరాసునకు వచ్చినవి. లండనులో మూలబడియున్న మరికొన్ని దక్షిణదేశ గ్రంథములను బ్రౌను దొర చూచి, పట్టుబట్టి మదరాసునకు పంపించెను. మెకంజీ కూర్చియుండనిచో వీనిలో సగము చెదలపాలయ్యెడివని మేము ఒప్పుకొనక తప్పదు.

ఆ చెదలే నేడు మన యిండ్లలో నున్నవి. హైదరాబాదు రాజ్యమున 1884 వరకు పారసీ, పిమ్మట ఉర్దూ సర్కారు భాషలు. 1949లో జాగీర్లు రద్దగుటతో ఆ భాషల సనదులకిక విలువ లేదని పెక్కుమంది వానిని పెట్టెల అడుగున పడవేసిరి; కొందరు పొయ్యిలో వేసిరి. నల్లగొండ, పాలమూరు సీమలలో ఏ చెరువు క్రింద ఎవరు సాగుచేసిరో, ఏ గుడికి ఏ మాన్యము నడచినదో తెలుపు సాక్ష్యములలో అవియు కొన్ని. అట్టి కట్ట యింటనున్నవారు దానిని పాతకాగితముల వర్తకునకు తూచి యీయకుందురు గాక! పారసీ ఎరిగినవారిచేత చదివించి నకలు వ్రాయింపుడు. మూలము మీ పెట్టెలోనే యుండనిండు. నకలొకటి తార్నాక చేరిన చాలును.