బత్తాయి పరిమళంలో కార్బోకాటయాన్

నల్లగొండ బత్తాయి తొక్కను వేళ్ల మధ్య వంచి నొక్కితే సన్నని తుంపర చిమ్ముతుంది. తొక్కలోని చిన్న చిన్న తిత్తుల్లో నిండి ఉండే ఆ నూనెలో 90 శాతానికి పైగా లిమోనీన్ అనే పదార్థమే. పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు ఉన్న ఈ అణువు కాయలో తయారయ్యేటప్పుడు, లిప్తకాలం పాటు ఒక కార్బన్ ధనావేశంతో నిలవాలి. అలాంటి అయానే కార్బోకాటయాన్.

మామూలు కార్బన్‌కు నాలుగు బంధాలు, వాటిలో ఎనిమిది ఎలక్ట్రాన్లు. కార్బోకాటయాన్‌లో ధనావేశమున్న కార్బన్‌కు మూడు బంధాలు, ఆరు ఎలక్ట్రాన్లే. ఆ లోటు తీరే దాకా దానికి నిలకడ ఉండదు. అయితే పక్క కార్బన్ల మీది కార్బన్-హైడ్రోజన్ బంధాల ఎలక్ట్రాన్లు కొంత ఇటు ఒరిగి, ఆ లోటును పంచుకుంటాయి. పదిమంది చెయ్యి వేస్తే బరువు తేలికైనట్టే, తోడు పెరిగేకొద్దీ స్థిరత్వం పెరుగుతుంది. అందుకే ఒక కార్బన్ తోడున్న ప్రైమరీ కన్నా రెండున్న సెకండరీ, దానికన్నా మూడున్న టెర్షరీ కార్బోకాటయాన్ స్థిరమైనది. పక్కనే ద్విబంధం ఉంటే ఆవేశం రెండు కార్బన్ల మీదికి పరుచుకుంటుంది; స్థిరత్వం ఇంకా పెరుగుతుంది.

బత్తాయి ఈ రెండు ఉపాయాలనూ వాడుకుంటుంది. లిమోనీన్ సింథేజ్ అనే ఎంజైమ్ జెరనైల్ డైఫాస్ఫేట్ నుంచి డైఫాస్ఫేట్ భాగాన్ని విడదీస్తుంది. మిగిలిన ధనావేశాన్ని పక్కనున్న ద్విబంధం పంచుకుంటుంది. తర్వాత కార్బన్ గొలుసు మెలిక తిరిగి వలయంగా మూసుకుంటుంది. అప్పుడు ఆవేశం చేరేది మూడు కార్బన్ల తోడున్న చోటికే. ఆ టెర్షరీ అయాన్ పేరు ఆల్ఫా-టెర్పినైల్ కాటయాన్. అది ఒక ప్రోటాన్‌ను వదిలేస్తే లిమోనీన్ సిద్ధం.

ఎంజైమ్ తన ఒడిలో అనాయాసంగా కాపాడే ఇలాంటి అయాన్లను గాజు పాత్రలో నిలిపి చూడటానికి రసాయన శాస్త్రం ఎంతో శ్రమించింది. జార్జ్ ఓలా 1960లలో, ఎలక్ట్రాన్లను ఇవ్వడానికి ఏమాత్రం ఇష్టపడని యాంటిమొనీ పెంటాఫ్లోరైడ్ వంటి ద్రవాల్లో వాటిని నిలిపి, ఎన్‌ఎంఆర్ పరికరంతో పరిశీలించారు. ఆ కృషికి 1994లో నోబెల్ బహుమతి లభించింది.

పరిమళాన్ని కట్టిన ఈ సూత్రమే దాన్ని చెడగొట్టగలదు కూడా. నకిరేకల్ మార్కెట్‌కు వచ్చే నిమ్మకాయనే తీసుకోండి. రసం పిండేటప్పుడు తొక్కలోని నూనె కొంత అందులో కలుస్తుంది. రసంలోని ఆమ్లం లిమోనీన్‌కు ప్రోటాన్‌ను అందిస్తుంది. ప్రోటాన్ ద్విబంధానికి ఒక కొసన అతుక్కుంటే ప్రైమరీ, రెండో కొసన అతుక్కుంటే టెర్షరీ కార్బోకాటయాన్ రావాలి. జరిగేది రెండోదే. మళ్లీ అదే ఆల్ఫా-టెర్పినైల్ కాటయాన్. ఈసారి నీటి అణువు వచ్చి కలవడంతో ఆల్ఫా-టెర్పినియోల్ పుడుతుంది. నిల్వ ఉంచిన రసానికి వచ్చే పాత వాసనలో దాని పాత్ర ఉంది. వేడి తగిలితే ఈ చర్య వేగం పెరుగుతుంది. కాబట్టి రసాన్ని చల్లగా ఉంచడం, తొక్కను అతిగా నలపకుండా పిండడం కేవలం వంటింటి అలవాట్లు కావు. వాటి వెనుక కార్బోకాటయాన్ రసాయనం ఉంది.