కోడ్ ఏఐ రాసినా, బాధ్యత మనిషిదే

ఎలాంటి వెబ్‌సైట్ కావాలో మామూలు మాటల్లో చెబితే చాలు, కృత్రిమ మేధ (ఏఐ) నిమిషాల్లో కోడ్ రాసిపెడుతోంది. మరి ఆ కోడ్ సరైనదేనని ఎవరు హామీ ఇవ్వాలి? బ్రిటన్‌కు చెందిన వెబ్ డెవలపర్ సైమన్ విల్లిసన్ సమాధానం సూటిగా ఉంటుంది: దాన్ని వాడే మనిషే.

వెబ్ సాధనాల తయారీలో విల్లిసన్ చేయి తిరిగినవారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, ఒక వార్తాపత్రిక కార్యాలయంలో 2003లో ఏడ్రియన్ హొలొవాటీతో కలిసి ఆయన మొదలుపెట్టిన పనే 2005లో ‘జాంగో’గా అందరికీ ఉచితంగా విడుదలైంది. లాగిన్, డేటాబేస్ వంటి భాగాలను ప్రతిసారీ కొత్తగా రాసుకోనక్కర్లేకుండా చేసే సాధనమిది. ఇన్‌స్టాగ్రామ్‌ను కూడా దీనితోనే నిర్మించారు.

విల్లిసన్ ఏఐకి వ్యతిరేకి కాదు, దాన్ని విరివిగా వాడతారు. కోడ్ చదవకుండా, ఏఐ ఇచ్చింది ఇచ్చినట్టు వాడేయడాన్ని ఆండ్రే కర్పాతీ 2025 ఫిబ్రవరిలో ‘వైబ్ కోడింగ్’ అన్నారు. సరదా ప్రయోగాలకు అది ఫర్వాలేదంటారు విల్లిసన్. ఇతరులు ఆధారపడే సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం ఆయన నియమం వేరు: కోడ్ ఏం చేస్తుందో మరొకరికి వివరించలేకపోతే దాన్ని ప్రాజెక్టులో చేర్చకూడదు.

ఎందుకంటే ఏఐ చేసే తప్పులన్నీ ఒకలాంటివి కావు. అది లేని ఫంక్షన్‌ను కల్పించి వాడితే, ప్రోగ్రామ్ నడపగానే ఆగిపోతుంది. తప్పు వెంటనే బయటపడుతుంది. అసలు ప్రమాదం ఆగకుండా నడిచే తప్పుతోనే. ఉదాహరణకు, 60 ఏళ్లు నిండినవారికి బస్సు టికెట్‌లో రాయితీ ఇవ్వాలనుకుందాం. కోడ్‌లో ‘60, ఆపైన’ అనడానికి బదులు ‘60 కంటే ఎక్కువ’ అని పడితే ప్రోగ్రామ్ ఏ అభ్యంతరమూ చెప్పదు. సరిగ్గా 60 ఏళ్లున్న ప్రయాణికుడే నష్టపోతాడు. నేటి సాధనాలు తాము రాసిన కోడ్‌ను తామే పరీక్షించుకోగలవు. కానీ నియమాన్నే తప్పుగా అర్థం చేసుకుంటే, పరీక్ష కూడా ఆ తప్పునే సమర్థిస్తుంది.

వేగం విషయంలోనూ మన అంచనాలు పొరబడవచ్చు. 2025 జులైలో ‘మెటర్’ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లపై జరిపిన అధ్యయనాన్ని వెలువరించింది. తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో వారు 246 పనులు చేపట్టారు. ఏ పనికి ఏఐ వాడవచ్చో, దేనికి వాడకూడదో లాటరీ తరహాలో నిర్ణయించారు. ఏఐతో సమయం 24 శాతం తగ్గుతుందని డెవలపర్లు ముందే ఊహించారు. పని ముగిశాక కూడా 20 శాతం తగ్గిందనే నమ్మారు. గడియారం మాత్రం 19 శాతం ఎక్కువ పట్టిందని తేల్చింది.

ఇది కొద్దిమందిపై, అప్పటి సాధనాలతో జరిగిన అధ్యయనం. అందరికీ, అన్ని పనులకూ ఇదే వర్తిస్తుందని చెప్పలేం. అయితే నిపుణులే తమ వేగాన్ని తప్పుగా అంచనా వేశారంటే, ‘పని తొందరగా అయిపోతోంది’ అన్న అనుభూతి కొలతకు ప్రత్యామ్నాయం కాదన్నమాట.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో తొలి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్న విద్యార్థికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. కోడ్ టైపు చేసే శ్రమ తగ్గుతున్నకొద్దీ, దాన్ని చదివి, ప్రశ్నించి, ఆ 60 ఏళ్ల ప్రయాణికుడిని గుర్తుపెట్టుకునే నైపుణ్యానికే విలువ పెరుగుతుంది.